నవలాకర్త్రి జీవితమును, ఆమె నాయికయు

(సంఘ వార్షిక మహాసభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు సాహిత్యవిషయమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరినపుడు మాకు ముందుగా తోచినది కాళిదాసకవిత్వము. ముప్పది యేండ్లకు పైబడి పాఠశాలలో దానినే చెప్పుచు వచ్చినవారమగుటచే అది సహజమే. కాని ఈ యేటి సభయందు ప్రధానమగు ప్రస్తావము బాలికా వసతిగృహమును గూర్చినదని విన్నపిదప మా మనస్సు వేరొక గ్రంథముమీదికి పోయెను. అది ఆంగ్లేయ నవల. పేరు ‘జేన్ ఐర్’. ఒక క్రైస్తవ మతగురువు కుమార్తెయగు షార్లెట్ బ్రాంటీ దానిని రచించెను. సంస్కృతము చదువుకొన్న ముసలి పంతులునకు ఆంగ్లేయ నవలతో పనియేమని తమలో కొందరు నవ్వుకొనవచ్చును. పని యున్నది. ఆ నవలలో నాయిక పెరిగినది యొక వసతిగృహమున. ఆ వసతిగృహము నడచినది మీవంటి దాతల చందాలమీద.

1847వ సంవత్సరము అక్టోబరు మాసమున లండను నగరమున ఈ గ్రంథము వెలువడినపుడు దాని ముఖపత్రముమీద షార్లెట్ పేరు లేదు. ఇది జేన్ ఐర్ యొక్క ఆత్మకథ యనియు, కరర్ బెల్ అనువారు దీనికి సంపాదకులనియు మాత్రమే అచ్చయి యుండెను. ఆత్మకథ యని చెప్పిన తరువాత పాఠకులు ఊరకుందురా? ఎవరి కథ, ఏ యింటి కథ యని వెదకుట మొదలుపెట్టిరి. రెండవ కూర్పును షార్లెట్ తాను మిక్కిలి గౌరవించు థాకరే యను నవలాకారునకు అంకితమిచ్చెను. (ఆయన మన కలకత్తాలో పుట్టినవాడే.) ఆయన భార్యకు మతిభ్రంశము కలిగియుండెనను సంగతి షార్లెటునకు తెలియదు. నవలలో నాయకుడగు రాచెస్టరు భార్యయు ఉన్మాదినియే. ఇంకేమున్నది! థాకరే యింట పిల్లలకు చదువు చెప్పిన యువతియే ఈ గ్రంథము వ్రాసినదని లండనులో పుకారు పుట్టెను. అంకితమిచ్చునాటికి ఆమె ఆయనను కంటితో చూచి యెరుగదు.

నవలలో నున్నదంతయు రచయిత్రికి జరిగినదే యనుకొనుట యెంత ప్రమాదమో దీనివలన తెలియును. అట్లని సంబంధమే లేదనుటయు సరికాదు. మేము గ్రహించినంతవరకు ఆ సంబంధ మిట్టిది: షార్లెట్ తన జీవితములో జరిగినదానికంటె, జరుగవలసియుండియు జరుగనిదానినే నాయికకు ఎక్కువగా ఇచ్చెను. లోకములో తీరని ఋణమును గ్రంథములో తీర్చెను. ఈ మాటను నిదర్శనములతో మనవిచేసెదము.

షార్లెట్ 1816వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీని ఇంగ్లండు దేశమున, యార్కుషైరు మండలమందలి థార్న్‌టన్ గ్రామమున జన్మించెను. తండ్రి పాట్రిక్ బ్రాంటీ ఐర్లండులో పేదకుటుంబమున పుట్టి, స్వయంకృషిచే కేంబ్రిడ్జిలో చదివి, మతగురువైనవాడు. 1820లో ఆ కుటుంబము హావర్త్ అను కొండయూరు చేరెను. మరుసటి యేడే తల్లి గతించెను. ఆరుగురు పిల్లలు, అందరిలో పెద్దదగు మేరియాకు అప్పటికి ఏడేండ్లు. మన యిండ్లలో జరుగునట్లే తల్లియక్క వచ్చి యిల్లు చక్కబెట్టెను. పెద్దతల్లి క్రమశిక్షణ కలది, మంచిదియే. గాని ఆ పసివాండ్రకు తల్లియైనది ఏడేండ్ల మేరియాయే.

పేద మతగురువుల కుమార్తెల కొరకై కేరస్ విల్సన్ అను మతగురువు కౌవన్ బ్రిడ్జి యనుచోట ఒక పాఠశాల నెలకొల్పియుండెను. సాలునకు రుసుము 14 పౌనులు. చాలని సొమ్మునకు చందాలు. 1824లో తండ్రి మేరియా, ఎలిజబెత్, షార్లెట్, ఎమిలీ యను నలుగురు కుమార్తెలను అందు చేర్చెను. షార్లెటునకు అప్పుడు 8 ఏండ్లు. ఆ పాఠశాల రిజిస్టరులో ఈ పిల్లనుగూర్చి, వయస్సునుబట్టి చూడగా తెలివిగలదే గాని క్రమముగా నేర్చినదేదియు లేదను నభిప్రాయము వ్రాయబడినది. మేమును ఎన్నో రిజిస్టర్లలో ఇట్టి మాటలు వ్రాసినవారమే గనుక, దానిని చదువునపుడెల్ల కలము పట్టుకొన్న ఆ ఉపాధ్యాయురాలి ముఖము మాకు కనబడుచుండును.

అక్కడ చలి విపరీతము. తిండి చాలదు, ఉన్నది మాడిన జావ. అస్వస్థతచే పడకనుండి లేవలేని మేరియాను ఒక ఉపాధ్యాయురాలు చేయిపట్టి క్రిందికి లాగి, ఆమె ఎట్లో బట్టలు కట్టుకొని వచ్చిన తరువాత, ఆలస్యమైనదని శిక్షించెనట. తోటి విద్యార్థిని యొకతె చెప్పగా గాస్కెల్ అను రచయిత్రి 1857లో ప్రకటించిన షార్లెట్ జీవితచరిత్రమున దీనిని వ్రాసెను. 1825 ఫిబ్రవరిలో మేరియాను క్షయరోగముతో ఇంటికి పంపిరి. మే 6వ తేదీని ఆ పిల్ల గతించెను. జూన్ 1వ తేదీని షార్లెట్, ఎమిలీ యిల్లు చేరిరి. జూన్ 15వ తేదీని ఎలిజబెత్ కూడ అక్కను అనుసరించెను.

ఈ తేదీలను తాము కొంచెము శ్రద్ధతో చూడవలెనని ప్రార్థన. మేరియా హావర్తులో ప్రాణము విడిచినపుడు షార్లెట్ పాఠశాలలోనే యుండెను. తల్లివంటి యక్క కడపటి చూపు ఆమెకు దక్కలేదు.

ఇరువది రెండేండ్లకు వెలువడిన నవలలో ఆ పాఠశాలయే ‘లోవుడ్’. మేరియాయే హెలెన్ బర్న్స్. ఈ రెండవ మాట మా యూహ కాదు, షార్లెట్ తానే చెప్పినది. హెలెన్ మెడమీద ఉపాధ్యాయురాలు కట్టెపుల్లల కట్టతో కొట్టును. హెలెన్ కన్నీరు పెట్టదు, కోపగించదు. చూచుచున్న జేన్ మాత్రము ఉడికిపోవును. తానైనచో ఆ కట్టను లాగికొని ఆమె ముక్కుక్రిందనే విరిచివేయుదునని చెప్పును. చూచితిరా? అక్క ఓర్పు హెలెనుకు పోయినది. ఎనిమిదేండ్ల చెల్లెలు ఆనాడు పైకి చెప్పజాలని మాట జేనుకు వచ్చినది. పిమ్మట హెలెన్ క్షయతో మంచము పట్టును. ఒక రాత్రి అందరును నిద్రించుచుండగా జేన్ చీకటిలో మెల్లగా నడచివచ్చి, రోగి పడకలో చేరి, ఆమె మెడచుట్టు చేతులు వేసి నిదురపోవును. తెల్లవారి చూచునప్పటికి జేన్ నిద్రలో నున్నది; హెలెన్ లేదు.

షార్లెటునకు లేకపోయిన ఆ యొక్క రాత్రి జేనుకు దొరికినది. మాకు ఆ గ్రంథమంతటిలోను ఇంతకు మించిన ఘట్టము లేదు.

క్రౌంచమిథునములో నొకదానిని బోయ కొట్టగా కలిగిన శోకమే ఆదికవికి కావ్యమైనదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున చెప్పిన సంగతి తమకు తెలిసినదే. కాని వాల్మీకి పక్షుల కథ వ్రాయలేదు. సీతారాముల వియోగము వ్రాసెను. శోకము కవిది, దానిని మోసినది మరియొకరు. ఇంకొక విశేష మేమనగా, రసమునకు అనుగుణముగా కథను మార్చుకొను నధికారము కవికి కలదని ఆ యాలంకారికుడే యంగీకరించెను. భవభూతి ఉత్తరరామచరితమున సీతను భూమిలోనికి పంపక రామునితో చేర్చెను గదా! లోకములో జరుగని సమాగమమును నాటకములో జరిపించెను. షార్లెట్ ధ్వన్యాలోకము చదువలేదు. అయినను చేసినది ఆ పనియే.

ఇక దాతల విషయము. లోవుడ్ చేరిన మరునాడు పదేండ్ల జేన్ ఆవరణములో నిలిచి, ద్వారముపైని శిలాఫలకమును చదువును. ఈ భాగమును ఫలానా బ్రాకిల్‌హర్స్టు వంశపు దొరసాని పునర్నిర్మాణము చేయించెనని దానిమీద చెక్కబడియున్నది. ఆ పిల్ల మరల మరల చదువును, అర్థము కాదు. పక్కనున్న హెలెన్‌ను అడుగును: ఈ బడికి డబ్బిచ్చునదెవరు? మనము ధర్మపు పిల్లలమా? హెలెన్ చెప్పును: పిల్లకొక్కింటికి 15 పౌనులు బంధువులు కట్టుదురు, అది చాలదు, తక్కినది పెద్దలు చందాలుగా నిత్తురు అని. చలిలో, ఖాళీకడుపుతో, క్రొత్తగా వచ్చిన పసిపిల్ల మొదట విచారించినది ఈ విషయమును. ఫలకములు చెక్కించుట తప్పని మేమనము. మన పురాతన దేవాలయములన్నియు శాసనములతో నిండియున్నవి. కాని చెక్కించువారు, దానిని ప్రతిదినము చదువు పిల్ల యొకతె యుండునని యెరిగియుండవలెను.

కోశాధికారియగు బ్రాకిల్‌హర్స్టు ఒకనాడు తనిఖీకి వచ్చును. జావ మాడినందున పిల్లలకు రొట్టెయు జున్నును పెట్టించినందుకు ప్రధానోపాధ్యాయినిని మందలించును. ఒక పిల్ల జుట్టు పుట్టుకతోనే వంకీలు తిరిగినది. అది విలాసమని దానిని మొదలంట కత్తిరింపుమనును. ఈ శరీరములకు సుఖములు నేర్పరాదని ఆయన యుపన్యసించుచుండగానే తలుపు తెరుచుకొని ఆయన భార్యయు కుమార్తెలును లోనికి వత్తురు. ముఖమలు వస్త్రములు, పట్టు, ఉన్నితోళ్లు. తల్లి తలమీద కొని తెచ్చిన వంకీల జుట్టు! షార్లెట్ వ్యాఖ్యానము చేయదు. పిల్లల కన్నులకు చూపించి యూరకుండును.

తరువాత లోవుడులో విషజ్వరము వచ్చును. 80 మందిలో 45 మంది ఒక్కమారు పడకపట్టుదురు. అప్పుడు లోకము మేల్కొనును. విచారణ జరుగును; దాతలు కొందరు క్రొత్త మేడ కట్టింతురు; కార్యనిర్వాహకసంఘ మేర్పడును; బ్రాకిల్‌హర్స్టు కోశాధికారిగానే యుండును గాని పెత్తనము పదిమంది చేతిలోనికి పోవును. ఆ మీదట అది నిజముగా గొప్ప విద్యాలయమైనదని జేన్ చెప్పుకొనును. అచట ఆమె ఆరేండ్లు విద్యార్థినిగను, రెండేండ్లు ఉపాధ్యాయినిగను ఉండును. షార్లెట్ కౌవన్ బ్రిడ్జిలో ఉన్నది పదినెలలు మాత్రమే. పదినెలలను ఎనిమిదేండ్లుగా సాగదీయుటలో ఆమె యుద్దేశము, బడిని నిందించి పోవుటయే కాదు, దానిని తాను కోరినట్లు బాగుచేసి చూపుటయు నని మాకు తోచుచున్నది.

నవల రాగానే లోవుడ్ ఏ బడియో తెలిసినవారు గుర్తుపట్టిరి. గాస్కెల్ గ్రంథము వచ్చిన పిమ్మట కేరస్ విల్సన్ పక్షమువారు గట్టిగా ఆక్షేపింపగా, మూడవ కూర్పులో ఆమె కొన్ని మాటలు మార్చవలసి వచ్చెను. న్యాయముగా చెప్పవలెనన్న, తిండి చెడుటకు వంటమనిషి యజాగ్రత్త ముఖ్యకారణమనియు, తరువాత ఆమెను మాన్పించిరనియు గాస్కెలే వ్రాసెను. ఇంత త్వరలో ఆ స్థలమును జనులు గుర్తింతురని తెలిసియున్నచో తాను అట్లు వ్రాసియుండనని షార్లెట్ ఆమెతో పలుమారు అన్నదట. వ్రాసినది అసత్యమని మాత్రము ఆమె యెన్నడును అనలేదు. కథలో ప్రతివిషయమును న్యాయస్థానమందువలె ఇరుపక్షముల తూచి చెప్ప నక్కర లేదని ఆమె తలంపు.

దీనికి సంబంధించిన ముచ్చట యొకటి మాకును కలదు. మా పాఠశాలలో ఏటేట విద్యార్థులచే లిఖితపత్రిక యొకటి వ్రాయించుచుంటిమి. ఒక యేడు పదవతరగతి బాలిక యొకతె, తల్లిలేని పిల్ల మేనమామ యింట నుండి చదువుకొనుట కథగా వ్రాసెను. భోజనమునకు కూర్చున్నపుడు ఇంటి పిల్లలకు నెయ్యి వడ్డించుకొనుచు వచ్చిన గిన్నె, ఈ పిల్ల విస్తరి దగ్గరకు వచ్చునప్పటికి ప్రతిదినము ఖాళీ యగుచుండును. అంతకంటె ఏమియు లేదు. నాలుగు దినములకు ఆ బాలిక మేనమామ మండిపడుచు వచ్చెను. “పంతులుగారూ, మా పరువు తీసినది. ఆ కాగితములు చింపివేయుడు” అనెను. “కథలోని మేనమామ పేరేమి నాయనా?” అని యడిగితిమి. “పేరు లేదండి.” “ఊరు?” “అదియు లేదు.” “మరి అది మీరే యని మీకు చెప్పిన దెవరు?” ఆయన కొంతసేపు మాటలాడలేదు. కాఫీ తెప్పించి యిచ్చితిమి. పత్రికను ఇంటికి తీసికొనిపోయి సాంతముగా చదివి, వారము దినములకు తెచ్చి యిచ్చెను. ఒక్క కాగితమును చినుగలేదు. నెయ్యిగిన్నె సంగతి నిజమా యని మేము ఆ పిల్లను అడుగలేదు. అడుగవలసిన పని కనబడలేదు.

మన సంఘములో ఆడపిల్లలు చదువుకొనుచున్నారు, సంతోషము. చదువుకొన్నవారిలో కొందరు వ్రాయుదురు. వ్రాసినపుడు ఇంటిగుట్టు బయటపడునని భయపడు పెద్దలు కలరు. షార్లెట్ కూడ తన పద్యములను ఆస్థానకవి సదేకు పంపగా, సాహిత్యము స్త్రీకి జీవితవృత్తి కారాదని 1837లో ఆయన యుత్తర మిచ్చెను. ఆమె వినయముగా బదులు వ్రాసెను. పదేండ్లకు ‘జేన్ ఐర్’ వచ్చెను.

నాయిక రూపమును గూర్చి కొంచెము చెప్పెదము. మన యలంకారశాస్త్రమున నాయికలు ఎనిమిది విధములు. స్వాధీనపతిక మొదలు అభిసారిక వరకు అందరును సౌందర్యవతులే. నెలజీతమునకు కుదిరిన నాయిక ఆ పట్టికలో లేదు. ఆంగ్లేయ నవలలలోను చాలవరకు అంతే. నాయిక అందగత్తె కాకున్న పాఠకులు మెచ్చరని చెల్లెండ్రు వాదింపగా, తనవలె పొట్టిదియు అందము లేనిదియునగు నాయికను చూపి మెప్పించెదనని షార్లెట్ పంతము పట్టెనట. అంతకు మించి జేన్ తాను కాదనియు చెప్పెనట. ఆ మాటను మనము సగము నమ్మిన చాలును.

షార్లెట్ ధనికుల యిండ్లలో పిల్లలకు చదువు చెప్పు ఉద్యోగము చేసినది. ఇంటివారితో సమానురాలు కాదు, పనివారితో చేరదు. నడుమ వ్రేలాడు బ్రదుకు. ఒకయింట చిన్న పిల్లవాడు ఆమె చేతిలో చేయిపెట్టి, నీవనిన నాకు ప్రేమ యనగా, చదువు చెప్పు మనిషిని ప్రేమించుట యేమని తల్లి అందరియెదుట ఆశ్చర్యపడెనట. 1841లో ఆమె జీతము పేరునకు సాలుకు 20 పౌనులు. బట్టలుతుకు ఖర్చు పోగా చేతికి వచ్చునది 16. జేన్ రాచెస్టరు ఇంట కుదిరినపుడు జీతము 30 పౌనులు! రచయిత్రి నాయికకు జీతము కూడ పెంచినది. ఆ యింటిలో అతిథులు జేన్ వినుచుండగానే ఇట్టి ఉపాధ్యాయినులను ఎగతాళి చేయుదురు. ఆమె కిటికీప్రక్కన నీడలో కూర్చుండును. కాని తరువాత రాచెస్టరు ఎదుట నిలిచి, పేదదానను, చిన్నదానను, అందములేనిదాననైనంత మాత్రమున నాకు ఆత్మ లేదనుకొంటివా యని యడుగును. ఆ ప్రశ్నను షార్లెట్ తన యజమానులలో ఎవ్వరినైన అడిగినట్లు మేము ఎచ్చటను చదువలేదు.

ఇప్పుడు అన్నిటికంటె సున్నితమగు విషయమునకు వచ్చితిమి. 1842లో షార్లెట్ ఎమిలీతో కూడ బెల్జియము దేశపు రాజధానియగు బ్రస్సెల్సునకు పోయి, హెగే దంపతుల బాలికాపాఠశాలలో ఫ్రెంచి నేర్చెను. మరుసటి యేడు ఒంటరిగా పోయి అచటనే ఉపాధ్యాయినిగా నుండెను. హెగే మంచి గురువు. ఆమె రచనలను పంక్తి పంక్తి దిద్దినవాడు. ఆయనయం దామె మనస్సు లగ్నమైనది. ఆయన గృహస్థు, పిల్లలు గలవాడు. 1844 జనవరిలో ఆమె యిల్లు చేరి, ఆయనకు ఉత్తరములు వ్రాసెను. బదులు కొరకు నెలల తరబడి ఎదురుచూచెను. తుదకు బదులు లేదు. ఆయన ఆ యుత్తరములను చింపి పారవేయగా భార్య ఏరి యతికించి దాచినదట. నాలుగు నిలిచినవి, 1913లో వారి సంతానము బ్రిటిషు మ్యూజియమునకు ఒసగగా, టైమ్సు పత్రికలో ప్రకటింపబడినవి.

నవలలో జేనుకు రాచెస్టరుతో వివాహము జరుగబోవు సమయమున, ఆయన భార్య జీవించియున్నదనియు, మేడమీద గదిలో బంధింపబడిన ఉన్మాదిని యనియు తెలియును. జేన్ తెల్లవారకమునుపే ఆ యిల్లు విడిచి పోవును. ఇంతవరకు రచయిత్రి బ్రదుకునకు దగ్గరగానే యున్నది, తానును విడిచివచ్చినది. ఆపైన? నెలలు గడచిన పిమ్మట ఒక రాత్రి ఎన్నో మైళ్ల దూరమునుండి రాచెస్టరు తన్ను పేరుపెట్టి ముమ్మారు పిలిచినట్లు జేనుకు వినబడును. ఆమె బదులు పలుకును. ఆ బదులు అచట ఆయనకును వినబడును. ఇది యసంభవమని విమర్శకులు పెదవి విరిచిరి. హావర్తులో తపాలా కొరకు రెండేండ్లు కనిపెట్టుకొనియున్న స్త్రీ వ్రాసినదని తెలిసినవారికి ఆ పిలుపు ఎక్కడనుండి వచ్చినదో బోధపడును. రాని యుత్తరమే అది.

ఆమె ఈ నవలను ప్రారంభించిన తావును ఎరుగదగినది. 1846 ఆగస్టులో తండ్రికి కంటిశుక్లములకు శస్త్రచికిత్స చేయించుటకు షార్లెట్ మాంచెస్టరునకు తీసికొనిపోయెను. శస్త్రము జరిగిననాడే ఆమె మొదటి నవల ‘ప్రొఫెసర్’ వ్రాతప్రతి ప్రచురణకర్తలవద్దనుండి తిరిగివచ్చెను. కండ్లకు కట్టుకట్టి చీకటిగదిలో పరుండిన తండ్రికి పరిచర్య చేయుచు, ఆ యద్దెయింటిలోనే ‘జేన్ ఐర్’ మొదలుపెట్టెను. నవల తుదిని రాచెస్టరు గ్రుడ్డివాడై యుండుటయు, జేన్ ఆయనకు కన్నులగుటయు, పిమ్మట ఒక కంటికి చూపు వచ్చుటయు చదివినపుడు ఆ చీకటిగది మనకు స్మరణకు రాక మానదు. తండ్రికిని చూపు మరల వచ్చినది.

ధనవిషయమున కూడ ఇట్లే. 1842లో చనిపోయిన పెద్దతల్లి తన సొమ్మును బ్రాంటీ సోదరీమణులు ముగ్గురకును, మరియొక సోదరి కూతునకును నాలుగు భాగములుగా నిచ్చెను. ఆ సొమ్ముతోనే సోదరీమణులు 1846లో మారుపేర్లతో పద్యసంపుటమును అచ్చువేసిరి. అమ్ముడుపోయినవి రెండు ప్రతులు! నవలలో జేనుకు పినతండ్రి ఆస్తి 20,000 పౌనులు వచ్చును. ఆమె దానిని ముగ్గురు జ్ఞాతులతో సమానముగా పంచుకొనును. అచటను నాలుగు భాగములే. ఆ ముగ్గురిలో నొకడు సెయింట్ జాన్ అను మతగురువు. మనదేశమునకు మతప్రచారమునకై రాదలచి, జేనుచే హిందూస్థానీ నేర్పించి, భార్యవై నాతో రమ్మనును. ప్రేమ లేని కర్తవ్యమునకు ఆమె లొంగదు. 1839లో షార్లెట్ స్నేహితురాలి యన్న, ఆయనయు మతగురువే, పెండ్లి యడుగగా ఆమె మర్యాదగా నిరాకరించియుండెను. మన హిందూస్థానీ ఆంగ్లేయుల యింట చదువబడినందుకు మాకొక వింతసంతోషము.

మేడమీది ఉన్మాదిని సంగతి ఒక్కటి చెప్పి ముందునకు పోయెదము. ఆమె జమైకా ద్వీపమున పుట్టినది. ఆమెకు నవలలో నోరు లేదు. అరపు మాత్రమే కలదు. షార్లెట్ బ్రదుకులో ఆ ద్వీపముల యనుభవము లేదు. 1890లో డొమినికా ద్వీపమున పుట్టిన జీన్ రిస్ అను రచయిత్రి, తన బాల్యము నెరిగిన ఆ యెండను, ఆ వర్ణవైషమ్యమును ఆ స్త్రీకి ఇచ్చి, 1966లో ‘వైడ్ సార్గాసో సీ’ యను నవలలో ఆమెనే నాయికను చేసెను. రచయిత్రి జీవితము ఎచటివరకు పోగలదో పాత్రయు అచటివరకే పోవును. అవతల మరియొక రచయిత్రి రావలెను.

ఇక కడపటి గ్రంథము. 1848 సెప్టెంబరులో తమ్ముడు బ్రాన్‌వెల్, డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో ఆన్ మరణించిరి. తొమ్మిది నెలలలో ముగ్గురు. అంతకుముందు ప్రతిరాత్రి సోదరీమణులు భోజనశాలలో బల్లచుట్టు నడచుచు తమ కథలను ఒకరి కొకరు చెప్పుకొనెడివారు. ఇప్పుడు షార్లెట్ ఒక్కతియే నడచుచుండగా అడుగుల చప్పుడు విని దాసి మనస్సు కలతపడుచుండెడిదట. ఆ యింటిలో వ్రాసినదే ‘విలెట్’, 1853లో వెలువడినది. అందలి నాయిక లూసీ స్నో. బ్రస్సెల్సు బడియే స్థలము. హెగేయే పాల్ ఇమాన్యుయేల్ అను గురువు. ఇచట ఆయనకు భార్య లేదు.

1844లో షార్లెట్ హావర్తు ఇంటిలోనే చెల్లెండ్రతో కలిసి బాలికల బడి పెట్టదలచి, ప్రకటనపత్రము అచ్చువేయించెను. భోజనవసతితో చదువునకు సాలుకు 35 పౌనులు. పత్రములు పంచిరి, ఎదురుచూచిరి. ఒక్క పిల్లయు చేరలేదు. ‘విలెట్’లో పాల్ దూరద్వీపమునకు పోవుచు, లూసీ కొరకు ఒక చిన్న యింటిని అద్దెకు తీసి, బల్లలు వేయించి, బడి సిద్ధముచేసి తాళపుచెవులు చేతికిచ్చును. పిల్లలు చేరుదురు; బడి వృద్ధిపొందును. షార్లెట్ ఆ ఋణమును తీర్చెను. ఆయన తిరిగివచ్చునా యనునదే మిగిలినది.

తండ్రి విషాదాంతములు సహింపడు. కథ మంగళాంతముగా ముగింపుమని కూతును కోరెను. అప్పటికి ఆయన ఆరుగురు బిడ్డలలో మిగిలినది ఆమె యొక్కతియే. ఆమె తన మనస్సులో పాల్‌ను తుపానులో ముంచివేసి యుండెను. దానిని మార్చుట ఆమెకు సాధ్యపడలేదు. తండ్రి మాటను త్రోసివేయుటకును మనసొప్పలేదు. కావున ఏడుదినములు గాలి హోరెత్తెననియు, సముద్రముమీద ఓడలు పగిలెననియు వ్రాసి, ఆయన యోడ సంగతి చెప్పక, ఆశగలవారు ఆశపడవచ్చునని విడిచెను. 1854 జూన్ 29వ తేదీని ఆమె తండ్రివద్ద సహాయకుడగు ఆర్థర్ నికల్సును వివాహమాడెను. 1855 మార్చి 31వ తేదీని గర్భవతియై యుండగా మరణించెను. వయస్సు 38 ఏండ్లు. తండ్రి మరి ఆరేండ్లు ఆ యింటిలో అల్లునితో జీవించెను. కూతురి జీవితచరిత్రమును వ్రాయుమని గాస్కెలును అడిగినవాడు ఆయనయే.